పన్నెండు నుంచి ఆరు దాకా

బెంజమిన్ వెల్డింగ్ హెల్మెట్‌ను మేకుకు తగిలించి, ఇంక దాన్ని ముట్టనని అన్న నాటి నుంచి ఇది తొమ్మిదో రోజు. కుల్చారం దిక్కు పోయే గ్యాస్ పైపులైన్‌లో అతను కొట్టిన మూడు అతుకులకు ఎక్స్‌రే తీస్తే మూడూ ఫెయిలయ్యాయి. సోమవారం నాడు ఇన్‌స్పెక్టర్ ఎదుట ఒక్క అతుకు కొట్టి చూపించాలి. అదే ఆఖరి అవకాశం. "నా చెయ్యి పోయింది" అంటాడు అతను, అంతకుమించి ఒక్క మాట మాట్లాడడు. అతని భార్య రెబెకా, మొగుడికి చెప్పకుండా పది నెలల పిల్లను చంకనేసుకుని, ఉస్తాద్ గులాం మొహియుద్దీన్ ఇంటి గడపలో నిలబడి, "చాచా, జర ఒచ్చి చూడుండ్రి" అని బతిమాలుకుందే, అక్కడే కదూ మనం ఆగింది.

ఉస్తాద్ వచ్చాడు.

శనివారం పొద్దున పది దాటింది. రెండు రోజుల నుంచి ముసురు వదలడం లేదు. ఇంటి ముందు గదే షాపు, షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల స్టూలు మీద బెంజమిన్ గోడకు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ ఉస్తాద్ గొడుగు ముడిచి మూలకు నిలబెట్టి, శిష్యుణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఏందిరా, అలిగిన పెండ్లికొడుకు లెక్క కూసున్నవ్. లే."

బెంజమిన్ లేచాడు గానీ చూపు భార్య మీదికి పోయింది. "మిమ్ములను ఎవరు పిలిచిండ్రు ఉస్తాద్?"

"చాయ్ తాగనీకి ఒచ్చిన. ఒకరు పిలవాల్నా? నీ పెండ్లాం చాయ్ పెట్టేలోపు ఒక అతుకు కొట్టు, చూస్త."

"చెయ్యి వణుకుతుంది."

"వణుకుడు నాకు రావాలె, డెబ్బై ఏండ్లు నిండినయ్. నీకు ముప్పై రెండు. నా కంటే ముందుగాల ఎందుకురా నీకు తొందర?"

రెబెకా పొయ్యి మీద గిన్నె పెట్టి, పరదా పక్కకు జరిపి నిలబడింది. పిల్ల మంట వైపు చూడకుండా దాని మొహాన్ని భుజానికి అదుముకుంది. పేరు షారోను. తొమ్మిది రోజులుగా తండ్రి దాన్ని ఎత్తుకోలేదు. ఎత్తుకోమంటే, "జారిపోతది" అంటాడు. ఆ ఒక్క మాటే రెబెకా గుండెలో ముల్లై కూర్చుంది. మనిషికి పని పోతే ఇంకో పని దొరుకుతుంది. తన చేతుల మీద తనకే నమ్మకం పోయినవాడికి ఏం దొరుకుతుంది?

స్టాండు మీద ఎనిమిదించుల పైపు ముక్కలు రెండు ఎదురెదురుగా అడ్డంగా బిగించి ఉన్నాయి. వాటి మధ్య సందు రూపాయి బిళ్ళ దూరేటంత. పైపు పని చేసేవాళ్ళకు ఆ గుండ్రమే గడియారం. నడినెత్తి పన్నెండు, అడుగు ఆరు. గేట్లు, గ్రిల్లులు కొట్టేవాళ్ళు కిందనుంచి పైకి నిమ్మళంగా ఎక్కుతారు. పైపులైన్ మీద అలా కుదరదు. పన్నెండు దగ్గర మంట ముట్టించి, మూడు మీదుగా ఆరుకు దిగాలి. మళ్ళీ పైకి వచ్చి, తొమ్మిది మీదుగా ఆరుకు దిగాలి. దిగేటప్పుడు కరిగిన ఇనుమూ, దాని మీది చిట్టెమూ మనతో పాటే కిందికి ఉరుకుతాయి. చిట్టెం మంటను దాటి ముందుకు పోయిందా, అతుకులో ఇరుక్కుని అక్కడ బెజ్జమవుతుంది. అందుకని చెయ్యి ఆగకూడదు, రాడ్డును పైపుకు ఆనించి లాక్కుంటూ పోవాలి. ఐదేళ్ళుగా ఈ షాపు వెనకాల కాపురం చేస్తున్న రెబెకాకు ఇదంతా చెవుల మీదుగా వచ్చిన చదువు.

బెంజమిన్ హెల్మెట్ దించుకున్నాడు. ఉస్తాద్ నల్లద్దం ముక్క కళ్ళకు అడ్డం పెట్టుకుని పక్కన గొంతుక్కూర్చున్నాడు. మంట లేచింది. ఒంటిగంట, రెండు, మూడు, నాలుగు.

"ఆపు," అన్నాడు ఉస్తాద్.

బెంజమిన్ ఆపి, తల దించుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు.

"చెయ్యి సీదా ఉన్నది. రాడ్డు వంపు సీదా ఉన్నది. ఉరుకుడు గూడ సీదానే. మరి మంటేంది, సద్దన్నం లెక్క మెత్తగున్నది? కరెంటు పెంచి చూసినవా?"

"చూసిన. పెంచితె పక్కలు కోసుకపోతున్నయ్."

"ఎర్త్?"

"మూడుసార్లు మార్చిన. జనరేటర్ గూడ మార్పిచ్చిన. అన్నీ మార్చినంక చెయ్యొక్కటే మిగిలింది ఉస్తాద్."

ఉస్తాద్ అతుకు మీద గ్రైండర్ పెట్టించాడు. మెరుస్తున్న ఇనుములో సూదిబెజ్జాలు బయటపడ్డాయి, బియ్యంలో పురుగు తొలిచినట్టు వరసగా. సెల్‌ఫోన్ లైటు పైపు లోపలికి కొట్టి చూశాడు. లోపలి అంచు కరగనే లేదు.

అప్పుడు ఆయన రాడ్ల డబ్బా ముందుకు లాక్కుని, ఒక రాడ్డు తీసి విల్లులా వంచాడు. పూత పెచ్చులుగా రాలింది. ఒక పెచ్చును గోటితో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ముసలాయన మొహం మారిపోవడం రెబెకా చూసింది.

"ఇది సచ్చిన రాడ్డురా."

"ఆఁ?"

"సిక్స్‌టీ టెన్ కద ఇది, కిందికి దిగే రాడ్డు. దీని పూతల కట్టె గుజ్జు ఉంటది. గా గుజ్జుల జర తడి ఉండాలె. గా తడి కాలి గాలైతది. గా గాలే చిట్టెంను ఎనుకకు నూకుతది, ఇనుమును లోపలికి పొడుస్తది. తడి పోతె ఇంకేమున్నది దీంట్ల? ఏంచిన పల్లి పొట్టు లెక్క అయింది చూడు." డబ్బాను బెంజమిన్ కాళ్ళ దగ్గరికి తోశాడు. "ఎవరు ఆరవెట్టిండ్రు దీన్ని?"

రెబెకా చేతుల్లో పిల్ల బరువు ఒక్కసారిగా పెరిగినట్టయింది.

గోడ వారగా పాత ఫ్రిజ్జు డబ్బా ఒకటి ఉంది. హీటర్ కాయిల్ బిగించి దాన్ని రాడ్ల ఓవెన్‌గా మార్చింది ఉస్తాదే, వీళ్ళ పెళ్ళికి కానుకగా. పెళ్ళైన వారంలోనే బెంజమిన్ ఆమెకు నేర్పిన మొదటి పాఠం, రాడ్డుకు తడి అంటే విషమని. జేసీబీ బకెట్లకూ, రైస్‌మిల్లు పనులకూ వాడే సెవెంటీ ఎయిటీన్ రాడ్లను పొద్దుగూకగానే ఓవెన్‌లో పెట్టి స్విచ్చి వెయ్యాలి, తెల్లారి తియ్యాలి. అది ఆమె పనే. ఏ రోజైనా పప్పులో ఉప్పు మరిచిందేమో గానీ రాడ్లు పెట్టడం మాత్రం మరవలేదు. వానలు మొదలై సైటులో షెడ్డు కురుస్తోందని, లేబర్ కాంట్రాక్టర్ రంజిత్ పైపులైన్ రాడ్లను బెంజమిన్ ఇంటికే పంపించాడు. "ఇవి వానల పడకుండ చూడు" అని ఒక్క మాట చెప్పి బెంజమిన్ నిద్రపోయాడు. ఆమె మూత తీసి ముట్టుకుంది. చల్లగా, కాస్త చెమ్మగా తగిలాయి. అయ్యో, తడిసినయేమో అనుకుంది.

బెంజమిన్ చూపు డబ్బా మీది నుంచి ఓవెన్ మీదికి పోయింది. అక్కడి నుంచి భార్య మీదికి రావాలి. రాలేదు.

"నేనే పెట్టిన ఉస్తాద్," అన్నాడు. "మరిచిపోయి పెట్టిన."

"నువ్వా? నా దగ్గర పదేండ్లు చేసి, సిక్స్‌టీ టెన్‌ను ఓవెన్ల పెట్టినవా?" ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "అబద్ధమాడుడు గూడ నేర్పాల్సుండె నీకు. రాలే."

"నేను పెట్టిన, చాచా."

ఆ మాట బయటికొచ్చాక రెబెకా ఆగలేకపోయింది. "వానకు తడిసినయేమో అని పెట్టిన. పొద్దుగూకినంక పెట్టి, తెల్లారి ఆయన లేవకముందే తీసి డబ్బల సర్దిన. చెప్పలే. రాడ్లు ఆరవెట్టుడు నా పనే కద, దానికి చెప్పుడేందనుకున్న. అన్నీ రాడ్లే అనుకున్న చాచా."



"నేను చెప్పలే ఆమెకు, ఇవి వేరే అని," అన్నాడు బెంజమిన్ నెమ్మదిగా. "ఆమెకేం ఎరుక?" అంటూనే తన కుడిచేతిని ఎత్తి కళ్ళ ముందు పెట్టుకున్నాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ఉన్నట్టుండి గొంతులోంచి నవ్వులాంటిదేదో వచ్చింది. గబగబా వచ్చి, భార్య భుజం మీది నుంచి పిల్లను లాక్కుని, అరచేతిలో కూర్చోబెట్టుకుని పైకెత్తాడు. తొమ్మిది రోజుల తర్వాత. షారోను తండ్రి ముక్కు పట్టుకుంది. రెబెకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తిట్టనందుకు ఇంకా ఎక్కువ ఏడ్చింది.

సీలు తియ్యని డబ్బా ఇంకొకటి మంచం కింద ఉంది. అది ఓవెన్ మొహం చూడలేదు. బెంజమిన్ దాన్ని తెరిచి, కొత్త ముక్కలు బిగించి, పన్నెండు దగ్గర మంట ముట్టించాడు. ఈసారి చప్పుడే వేరు. పైపు లోపల నుంచి ఎవరో ఊదుతున్నట్టు ఒకటే హోరు. రాడ్డు కొన ముందు అంచులు రెండూ కరిగి తాళంచెవి దూరేటంత రంధ్రం, అది అతని కంటే అడుగు ముందు నడుస్తూ ఆరు దాకా దిగింది. రెండో వైపూ అంతే. లోపల లైటు కొట్టి చూస్తే, గాజు అంచులా సన్నగా, చుట్టూ ఒకే ఎత్తున ఇనుము పొంగి ఉంది.

"గిది," అన్నాడు ఉస్తాద్. "గీ చెయ్యి పోయిందని ఏడ్చినవారా తొమ్మిది దినాలు?" గొడుగు తీసుకుని షట్టరు కింద వంగాడు. "నమాజ్‌కు పొయ్యొస్త. బేటీ, చాయ్ ఎట్లాగూ మరిగి మరిగి ఇగిరిపోయింది. అన్నమన్న పెట్టు, ఒచ్చి తింట."

రెబెకా బియ్యం కడిగింది. కడుగుతూ, కొన్నాళ్ళుగా లేని తేలికతనం ఒంట్లోకి రావడం గమనించింది. దేవుడా అనుకుంది, అంతకుమించి ఏమీ అడగలేదు. ఆ తేలికతనం అన్నం ఉడికేటంత సేపు కూడా నిలవలేదు.

"ఎన్ని దినాలు పెట్టినవ్ ఓవెన్ల?" బెంజమిన్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. పిల్ల ఇంకా చంకలోనే ఉంది. నవ్వు మాత్రం లేదు.

"పాపకు టీకా వేయించుకొచ్చిన దినం మొదలువెట్టిన. నువ్వు పని బందువెట్టే దాకా. పదకొండు దినాలు."

అతను వేళ్ళ మీద లెక్కపెట్టాడు. వానలు కాబట్టి రోజుకు రెండు, ఎండ కాసిన రోజు మూడు. "ఇరవై ఆరు అతుకులు."

"మూడే కద ఫెయిలైంది?"

"మూడింటికే ఎక్స్‌రే ఫోటో తీసిండ్రు. పదింటికి ఒక్కటి తీస్తరు. తీసిన మూడూ పోయినయ్."

"మరి కడమయి?"

"భూమిల ఉన్నయ్. మట్టి గూడ కప్పిండ్రు."

అన్నం పొంగి మంట మీద పడింది. రెబెకా గ్యాసు తగ్గించబోయి, ఆ నీలం మంట వైపు చూస్తూ అలాగే ఉండిపోయింది.

"నీళ్ళు నింపి ప్రెషర్ పెడ్తరంటివి కద, అప్పుడు కారవా?"

"గా దినం ఆగుతయేమో. సూదిబెజ్జం ఒక్క దినంల తెగదు. రెండేండ్లకు తెగొచ్చు, ఐదేండ్లకు తెగొచ్చు. లైను పక్కన సుశీలమ్మ అని ఒకామె ఉంటది, ఆమె ఇంటి ముంగట రెండున్నయ్ రెబెకా. కాల్చిన మక్క కంకులు పెట్టేది మాకు, ఆమె."

"పోయి చెప్దాం."

"ఏమని? కాయితం మీద రాడ్లు దినాము స్టోరుకు వాపస్ పోయినయ్. మనింటికి రానే లేదు. ఉద్యోగం పోయే ముందు ఏదో ఒకటి అంటుండు అంటరు."

అతను ఇంకేదో అనబోయేలోగా షట్టరు కింది నుంచి రెయిన్‌కోటు ఒకటి వంగి లోపలికొచ్చింది. రంజిత్. శివ్వంపేట దిక్కు ముప్పై ఎకరాల ఇంటివాడు, మాట మెత్తన. రాగానే స్టాండు మీద కొత్త అతుకు కనబడింది. వంగి లోపలికి చూశాడు, ఈల వేశాడు.

"ఇది నువ్వు కొట్టినవా? ఇప్పుడా? ఇంకేంది మరి. సోమవారం గిదే కొట్టు బెంజమిన్, మన గండం గట్టెక్కినట్టే. ఇన్‌స్పెక్టర్‌తోని మాట్లాడొచ్చిన. నువ్వు పాసైతివా, గా మూడు కోసి మళ్ళ కొడ్తవ్, అంతే. కడమ అతుకులన్నీ మంచియే అని రాసేస్తరు. తవ్వేది లేదు."

"ఫెయిలైతె?" అని అడిగింది రెబెకా.

"ఫెయిలైతె ఏ అతుకుల మీద నీ మొగని నంబరు ఉన్నదో అవన్నీ తవ్వి ఫోటోలు తీస్తరు. నంబరు కొట్టేస్తరు. తర్వాత ఏ లైను మీద గూడ నిలవడనియ్యరు. నా గుత్త గూడ పోతది. అయినా గిసొంటి అతుకు కొట్టెటోడు ఎందుకు ఫెయిలైతడు చెల్లె?"

"రంజిత్ సార్, ఆ దినాలల్ల రాడ్లు..." అనబోయింది రెబెకా.

"రాడ్ల ముచ్చట నా చెవుల పడనియ్యకు." గొంతు పెంచలేదు అతను. రెయిన్‌కోటు గుండీలు పెట్టుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "సోమవారం కొత్త డబ్బ సీలు ఇన్‌స్పెక్టరే ఇప్పుతడు. నీ రాడ్లు, నా రాడ్లు అనేదే లేదు."

బండి చప్పుడు గల్లీ దాటింది. ఆయనకు ఎరుకే, అనుకుంది రెబెకా. ఎప్పటి నుంచి ఎరుకో అడిగే ధైర్యం ఎవరికుంది?

"ఇన్నావు కద," అన్నాడు బెంజమిన్. "నాలుగేండ్లు తిరిగిన గీ లైను పని కోసం. ఇప్పుడు కొట్టొస్తది. కొడ్తె అవన్నీ మట్టిలనే ఉంటయ్. కొట్టకపోతె తవ్వుతరు, నేను జిందగీల ఇంక గేట్లు అతుక్కుంట కూసోవాలె. అది గూడ ఎవరన్న ఇస్తె. నువ్వే చెప్పు. పాస్ గావాల్నా?"

రెబెకా పిల్లను చూసింది. అది తండ్రి చొక్కా గుండీని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. పొద్దున ఆ చేతిని కళ్ళ ముందు పెట్టుకుని అతను నవ్విన నవ్వు ఆమెకు గుర్తొచ్చింది. కుల్చారం రోడ్డు పక్కన తాను ఎన్నడూ చూడని ఒక ఇంటి వాకిలి కూడా కళ్ళ ముందుకొచ్చింది. చూడకపోతేనేం, వాకిలి వాకిలే. దాని మీద ఎవరో ఒక పిల్ల పాకుతూనే ఉంటుంది.

"ఫెయిల్ గావాలె," అంది.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని నమ్మడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. అతను కోప్పడితే బాగుండు అనుకుంది. కోప్పడలేదు.

"ఎట్ల?" అన్నాడు. నిజంగానే అడుగుతున్నాడు. "రాడ్డు మంచిగుంటది, మిషిన్ మంచిగుంటది. ఇన్‌స్పెక్టర్ పక్కన నిలవడ్తడు. కావాలని చెడగొడ్తె దొరికిపోత. ‘వీడు ఆటలాడుతుండు’ అని నన్ను పంపిచ్చి, అతుకులు అట్లనే ఉంచుతరు. ఫోటోల తప్పు కనవడాలె, చేతిల కనవడొద్దు. గట్ల కొట్టుడు నాకు రాదు రెబెకా. నేర్చుకోవాలె."

పిల్లను ఆమె చేతుల్లో పెట్టి, మేకు మీది హెల్మెట్ తీసుకున్నాడు.

మొదటిసారి మూడు దాటగానే చెయ్యి నెమ్మదించాడు. చిట్టెం ముందుకు జారి అతుకు మీద గడ్డకట్టింది, గుడ్డివాడికి కూడా కనబడేటట్టు. కోసి పారేశాడు. రెండోసారి నాలుగు దగ్గర రాడ్డును రవ్వంత పైకెత్తాడు. అదీ కనబడింది. కోశాడు. మూడో జత ముక్కలు బిగించేటప్పుడు అతని చేతులు ఎంత నిదానంగా, ఎంత శ్రద్ధగా కదిలాయంటే, రెబెకా చూడలేకపోయింది. పెళ్ళైన కొత్తలో మొదటి పెద్ద గేటు చేసినప్పుడు ఇలాగే పనిచేశాడు.

మూడో అతుకు పైకి ముద్దుగా వచ్చింది, ఒక్క మచ్చ లేదు. అతను వంగి లోపలికి లైటు కొట్టాడు. నాలుగుకూ ఐదుకూ మధ్య రెండించుల మేర లోపలి అంచు కరగకుండా చీకటిగా ఉంది. కావలసింది ఇదే. చేతికి అలవాటు కావడానికి ఇంకొకటి కొట్టబోతూ హెల్మెట్ మళ్ళీ దించుకున్నాడు.

షట్టరు దగ్గర గొడుగు ముడిచిన చప్పుడయింది. ఉస్తాద్ ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడ్డాడో రెబెకాకు తెలియదు. తల మీది టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. కింద పడి ఉన్న ముక్కలను ఒక్కొక్కటే కాలితో తిప్పి చూశాడు. తర్వాత స్టాండు ముందు వంగి, ఆ మూడో అతుకు లోపలికి చాలాసేపు చూశాడు.

"రాడ్డు మంచిది," అన్నాడు చివరికి. "చెయ్యి మంచిది. మరి గిది ఎవరు కొట్టిండ్రు బేటా?"

బెంజమిన్ హెల్మెట్ ఎత్తలేదు.